పాతికేళ్ళకి హెచ్‌పీవీ టీకా: ఇప్పుడు వేయించుకుంటే ఉపయోగముంటుందా?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇది. వయసు 25, హైదరాబాద్‌లో ఉద్యోగం, నిశ్చితార్థం అయిపోయింది, మాఘమాసంలో పెళ్ళి. ఆఫీసులో పెట్టిన హెల్త్ క్యాంపులో నర్సు "హెచ్‌పీవీ వేయించుకున్నారా?" అని అడిగేదాకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే ఈ టీకా పేరే వినలేదు. నెట్‌లో చూస్తే ఒకరు 14 ఏళ్ళలోపే వేయించాలన్నారు, ఒకరు 26 దాకా అన్నారు, ఇంకొకరు 45 దాకా అన్నారు. అమ్మగారేమో "పెళ్ళి కావాల్సిన పిల్లకి ఆ ఇంజెక్షన్లేంటి, పిల్లలు పుట్టరట, ఖమ్మం వైపు అవి వేస్తే ఆడపిల్లలు చచ్చిపోయారు" అన్నారు. ఒక ఆస్పత్రిలో డోసు రెండు వేలన్నారు, ఇంకోచోట పదివేలు దాటింది. ఇప్పుడు వేయించుకోవడం డబ్బు దండగా అని అడిగారు.

వేయించుకోండి. మొదటి డోసు పెళ్ళికి ముందే పడేలా చూసుకోండి. మీ విషయంలో నా జవాబు ఇదే. కానీ ఈ రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటే అమ్మగారి ముందు మీరు ఒక్క నిమిషం కూడా నిలబడలేరు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నేను గైనకాలజిస్టుని. ఇరవై రెండేళ్ళుగా కోస్తాలో ఒక చిన్న పట్నంలో ప్రాక్టీసు చేస్తున్నాను. ముందే ఒక తప్పు ఒప్పుకుంటాను. ఈ టీకా మన దగ్గరికి వచ్చిన కొత్తలో చాలా ఏళ్ళు నేను స్కూలు పిల్లల తల్లులకే చెప్పేదాన్ని. ఇరవైలు దాటిన, పెళ్ళికాని అమ్మాయిలు పీరియడ్స్ నొప్పి అనో, పీసీఓడీ అనో నా ఎదురుగా కూర్చునేవారు. వాళ్ళకి మాత్రం చెప్పేదాన్ని కాదు. పక్కన తల్లి ఉంటుంది, మాట ఎటు పోతుందో అన్న మొహమాటం. పైగా ఈ వయసులో ఎంతవరకు పనిచేస్తుందిలే అన్న అనుమానం. ఆ రెండోదానికి ఇప్పుడు మంచి లెక్కలున్నాయి.

ముందు ఆ వైరస్ సంగతి. హెచ్‌పీవీ, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్, ఒక్కటి కాదు, రెండు వందలకి పైగా రకాలున్నాయి. వాటిలో డజనుకి కాస్త పైగా క్యాన్సర్ తెచ్చేవి. ఆ గుంపులో 16, 18 అని నంబర్లున్న రెండు రకాలే అసలు పెద్ద దొంగలు. ప్రపంచమంతటా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతం, మన దేశంలో అంతకన్నా ఎక్కువే, ఈ రెండిటి పనే. 6, 11 రకాలు క్యాన్సర్ తేవు కానీ జననాంగాల దగ్గర పులిపిర్లు తెస్తాయి. ఇది ముఖ్యంగా కలయికలో చర్మం చర్మం రాసుకోవడం వల్ల అంటుకునే వైరస్. అందుకే కండోమ్ కొంతవరకే ఆపుతుంది. సంసార జీవితం ఉన్నవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. సోకినవాళ్ళకి తెలియదు కూడా. జ్వరం రాదు, నొప్పి ఉండదు. నూటికి తొంభైమందికి రెండేళ్ళలోపు ఒంట్లోంచి దానంతటదే పోతుంది. పోకుండా ఏళ్ళ తరబడి తిష్ఠ వేసుకున్న కొద్దిమందిలోనే ముఖద్వారం దగ్గరి కణాలు మెల్లగా మారడం మొదలుపెడతాయి. ఆ మార్పు క్యాన్సర్ దాకా పోవడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో ఇంకా త్వరగా.

టీకాలో వైరస్ ఉండదు. వైరస్ పైతొక్కులాంటి ప్రోటీన్ గుల్ల మాత్రమే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. కాబట్టి టీకా వల్ల హెచ్‌పీవీ సోకే ప్రశ్నే లేదు. ఆ గుల్లని చూసి ఒళ్ళు యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. తర్వాత అసలు వైరస్ వస్తే గుమ్మంలోనే పట్టుకుంటుంది. అయితే అప్పటికే లోపల ఉన్న రకాన్ని ఇది బయటికి పంపలేదు. మా నాన్నగారు రైతు కాబట్టి నాకు ఎప్పుడూ పొలమే గుర్తొస్తుంది. కంచె వేస్తే బయటి గేదెలు లోపలికి రావు. అప్పటికే లోపల మేస్తున్నదాన్ని కంచె తోలదు. అలాగని ఒక గేదె పడిందని మొత్తం పొలానికి కంచె మానేస్తామా?

ఇప్పుడు వయసు లెక్కలు. స్వీడన్‌లో 10 నుంచి 30 ఏళ్ళ మధ్య ఉన్న సుమారు 16.7 లక్షలమంది ఆడవాళ్ళ వివరాలు 2006 నుంచి 2017 దాకా చూశారు. 2020లో ప్రచురించారు. పదిహేడేళ్ళు నిండకముందే టీకా వేయించుకున్నవారిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 88 శాతం తగ్గింది. పదిహేడు నుంచి ముప్ఫైలోపు వేయించుకున్నవారిలో 53 శాతం తగ్గింది. చాలామంది ఈ రెండో అంకె చూసి "సగమేనా" అని పెదవి విరుస్తారు. క్యాన్సర్ సగానికి సగం తగ్గించే పని ఇంకొకటి చెప్పండి, నేను రేపే ప్రిస్క్రిప్షన్ మీద రాసేస్తాను.

పైగా ఆ 53లో అందరూ కలిసి ఉన్నారు. పదిహేడేళ్ళకి వేయించుకున్నవాళ్ళు, ఇరవై తొమ్మిదికి వేయించుకున్నవాళ్ళు, అప్పటికే వైరస్ సోకినవాళ్ళు, అస్సలు సోకనివాళ్ళు, అందరి సగటు అది. ఈ తేడా ఇంకో పరిశోధనలో బాగా కనిపిస్తుంది. 24 నుంచి 45 ఏళ్ళ ఆడవాళ్ళకి నాలుగు రకాల వైరస్‌ని ఆపే టీకా వేసి చూశారు. మొదట్లో ఆ రకాలు ఒంట్లో లేకుండా, డోసులన్నీ సరిగ్గా వేయించుకున్నవారిలో రక్షణ సుమారు 89 శాతం. సోకినవాళ్ళనీ, డోసులు సగంలో ఆపేసినవాళ్ళనీ కలిపి మొత్తంగా చూస్తే 47 శాతం. రెండు గుంపులదీ ఒకే వయసు, వేసింది ఒకే మందు. తేడా ఎక్కడుందో చూశారా? ఆధార్ కార్డు మీద పుట్టిన తేదీ కన్నా, ఇప్పటిదాకా వైరస్ మీ దాకా వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం. చిన్నపిల్లలకి వేయమనేది కూడా ప్రధానంగా ఇందుకే. ఆ వయసులో వైరస్ ఎదురుపడి ఉండదు, ఒళ్ళు కూడా బాగా స్పందిస్తుంది.

అది తెలియాలంటే ఇప్పటిదాకా ఎవరితోనైనా శారీరక సంబంధం ఉందా అని అడగాలి. ఈ ప్రశ్న నేను క్లినిక్‌లో తల్లి ఎదురుగా అడగను. బరువు చూద్దాం రామ్మా అని అమ్మాయిని లోపలి గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి అడుగుతాను. కొందరు వెంటనే చెప్తారు. కొందరు బరువు మిషన్ మీద నిలబడి కాళ్ళకేసి చూస్తుంటారు, జవాబు రాదు. అదీ జవాబే. మీరు నాకు చెప్పక్కర్లేదు. మీకు మీరు నిజం చెప్పుకుంటే చాలు. ఇప్పటిదాకా ఎవరితోనూ శారీరక సంబంధం లేదంటే, పాతికేళ్ళయినా సరే, టీకా నుంచి మీకు దక్కేది దాదాపు పూర్తి లాభం. ఒకరితో ఉండి ఉంటే, ఏదో ఒక రకం సోకి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. సోకినా టీకాలో ఉన్న రకాలన్నీ ఒకేసారి సోకి ఉండడం చాలా అరుదు. మిగిలినవాటి నుంచి రక్షణ ఉంటుంది. ఒకవేళ పాప్ పరీక్ష (ముఖద్వారం దగ్గరి కణాలు తీసి చూసేది) తేడాగా వచ్చిందనో, హెచ్‌పీవీ పాజిటివ్ అనో ఇదివరకే చెప్పి ఉంటే టీకా వేయించుకోవడానికి అది అడ్డు కాదు. కానీ టీకా దానికి వైద్యం కూడా కాదు, ఆ ఫాలోఅప్ వేరే చేయించుకోవాలి.

"ముందు టెస్టు చేయించి, వైరస్ లేదని తేలాక వేయించుకుంటాను" అంటుంటారు. వద్దు. టీకాకి ముందు పాప్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ అక్కర్లేదు. ఇదివరకు సోకి పోయిందా లేదా అని నమ్మకంగా తేల్చే రక్తపరీక్ష కూడా లేదు. ఆ డబ్బు రెండో డోసుకి దాచుకోండి.

ఇక అమ్మగారి మాట. ఖమ్మం గురించి ఆవిడ అన్నది గాలి కబురు కాదు. దాన్ని "మూఢనమ్మకం" అని కొట్టిపారేస్తే మీరే ఓడిపోతారు. జరిగింది ఇది. 2009లో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి ఈ టీకా వేసింది. గుజరాత్‌లో వడోదరలో కూడా వేసింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. పెద్ద గొడవైంది. 2010 ఏప్రిల్‌లో అంతా ఆపేశారు. విచారణలో ఆ మరణాలకి నీట మునగడం, పాముకాటు, పురుగుల మందు, జ్వరాల వంటి కారణాలు తేలాయి. టీకాకి సంబంధం ఉన్నట్టు కనబడలేదు. కానీ అదే విచారణలో ఇంకో నిజం కూడా బయటపడింది. గిరిజన హాస్టళ్ళలో చాలామంది పిల్లల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఇదేం ఇంజెక్షనో ఆ తల్లులకి ఎవరూ చెప్పలేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. తప్పుపట్టాల్సిందే. అది మందు చేసిన తప్పు కాదు, మనుషులు చేసింది. పేదవాళ్ళ పిల్లలు కాబట్టి అడగనక్కర్లేదు అనుకోవడం.

అమ్మగారికి ఇదంతా చెప్పండి, ఏదీ దాచకుండా. నా అనుభవంలో "మీరు విన్నది నిజమే" అన్న మాటతో మొదలుపెడితేనే తర్వాతి మాట చెవిన పడుతుంది. మీకు 25. ఇక్కడ సంతకం మీదే, ప్రశ్నలు అడిగే హక్కూ మీదే.

ఈ కథకి ఒక చిత్రమైన కొసరు ఉంది. 2010లో టీకాలు ఆపినప్పుడు, ఖమ్మంతో సంబంధం లేని ఇంకో పెద్ద అధ్యయనం కూడా మధ్యలో ఆగింది. పెళ్ళికాని ఆడపిల్లలకి రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మన దేశంలో చేస్తున్న పని అది. హఠాత్తుగా ఆపేయడంతో సుమారు 5 వేలమంది ఒక్క డోసుతో మిగిలిపోయారు. వాళ్ళని వదిలేయకుండా పదేళ్ళు గమనించారు. 2021లో వచ్చిన ఫలితాల్లో, 16, 18 రకాలు ఒంట్లో తిష్ఠ వేయకుండా ఆ ఒక్క డోసే సుమారు 95 శాతం కాపాడినట్టు తేలింది. చిన్నపిల్లలకి ఒక్క డోసు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో చెప్పిందంటే, అందుకు ఆధారాల్లో మన పిల్లల లెక్క కూడా ఉంది.

పిల్లలు పుట్టరన్న భయం గురించి. 2017 నాటికే ప్రపంచంలో 27 కోట్లకి పైగా డోసులు పంపిణీ అయ్యాయి. అప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ భద్రతా కమిటీ అన్నీ తిరగేసి చూసి, సంతానలేమితో సంబంధం ఉన్న దాఖలా లేదంది. నిజానికి వ్యవహారం తిరగేసి ఉంది. టీకా లేక, వైరస్ ముదిరి, క్యాన్సర్‌కి ముందు దశ అని తేలినవాళ్ళకి ముఖద్వారంలో కొంత ముక్క కోసి తీయాల్సి వస్తుంది. అలా తీయించుకున్నవాళ్ళకి తర్వాత నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం పెరుగుతుంది. ఇక క్యాన్సరే అయితే గర్భసంచే పోవచ్చు. సంతానం మీద బెంగ ఉన్నవాళ్ళు ముందు వేయించుకోవాల్సిన టీకా ఇది.

ఇబ్బందులేమీ లేవని కాదు. చెయ్యి రెండు రోజులు నొప్పి పెడుతుంది, కాస్త వాచొచ్చు, కొందరికి ఒళ్ళు వెచ్చబడుతుంది. ఇంజెక్షన్ పడగానే కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళుంటారు. ఇది మందు వల్ల కన్నా భయం వల్లే. కిందటేడు చెల్లెలికి తోడుగా వచ్చి, తనూ వేయించుకుంటానన్న ఆరడుగుల అబ్బాయి కుర్చీలోంచి లేచి రెండడుగులు వేసి దబ్బున పడ్డాడు. చెల్లెలేమో పక్కన నిలబడి వీడియో తీస్తోంది. అందుకే వేశాక పదిహేను నిమిషాలు కూర్చోబెడతాం. ఖాళీ కడుపుతో రాకండి. ఇంతకుముందు ఈ టీకాకి గానీ, ఈస్ట్‌కి (బ్రెడ్డు పిండి పొంగడానికి వేసేది) గానీ తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్ళు తప్పకుండా డాక్టరుకి ముందే చెప్పాలి. పీరియడ్స్‌లో ఉన్నా వేయించుకోవచ్చు. ఇది నన్ను వారానికి రెండుసార్లయినా అడుగుతారు.

ఏది వేయించుకోవాలి, ఎన్ని డోసులు. మన దగ్గర ముఖ్యంగా వినబడే పేర్లు సెర్వావాక్, గార్డసిల్, గార్డసిల్ 9. సెర్వావాక్ పుణేలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారీ. 2022 జులైలో అనుమతి వచ్చింది, 2023లో మార్కెట్లోకి వచ్చింది. అప్పట్లో ప్రైవేటులో డోసు సుమారు రెండు వేలు. 6, 11, 16, 18 నాలుగు రకాలకి పనిచేస్తుంది. 9 నుంచి 26 ఏళ్ళ ఆడ, మగ ఇద్దరికీ అనుమతి ఉంది. పాత గార్డసిల్ కూడా ఆ నాలుగింటికే. గార్డసిల్ 9 ఈ నాలుగుతో పాటు 31, 33, 45, 52, 58 రకాలనీ ఆపుతుంది, ధర చాలా ఎక్కువ. మీరు విన్న పదివేలు అదే.

తొమ్మిది ఆపేది నాలుగు ఆపేదానికన్నా మెరుగే, అందులో వాదన లేదు. కానీ మన దేశంలో ఈ క్యాన్సర్ కేసుల్లో అత్యధికం 16, 18 వల్లే కాబట్టి రెండు వేలదానితోనే సింహభాగం పని అయిపోతుంది. మూడు డోసులకి ముప్ఫై వేలు మీకు బరువనిపించకపోతే తొమ్మిది రకాలది వేయించుకోండి. బరువనిపిస్తే సెర్వావాక్ వేయించుకుని నిశ్చింతగా ఉండండి. చెయ్యకూడని పని ఒక్కటే: బోనస్ వచ్చాక ఖరీదైనదే వేయించుకుందామని ఆగడం. అలా ఆగినవాళ్ళు నాకు మళ్ళీ కడుపుతోనే కనబడ్డారు. మీరు సెర్వావాక్ అనుకుంటే 26 హద్దు కూడా దగ్గర్లోనే ఉంది, గుర్తుపెట్టుకోండి.

పదిహేనేళ్ళు దాటినవారికి మందు డబ్బాలో వచ్చే కరపత్రం ప్రకారం మూడు డోసులు. మొదటిది ఇవాళ అనుకుంటే, రెండోది రెండు నెలలకి, మూడోది ఆరు నెలలకి. 21 దాటినవారికి ఆరు నెలల తేడాతో రెండు డోసులు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. నేను మీ వయసువాళ్ళకి మూడే వేస్తున్నాను, కరపత్రంలో ఉన్నది అదే కాబట్టి. కానీ మూడోదానికి డబ్బు సర్దుబాటు కాక, మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఆరు నెలలు గడిచిపోయిన అమ్మాయిని కంగారు పెట్టను. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళకి మాత్రం మూడూ వేయించుకోమనే చెప్తాను. మధ్యలో ఆలస్యమైతే మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. మా మేనకోడలు మూడో డోసు పదకొండో నెలలో వేయించుకుంది, దేశం మారడం వల్ల. ఆపినచోటి నుంచే వేశాం.

పెళ్ళయ్యాక డోసుల మధ్యలో నెల తప్పితే? మిగిలిన డోసులు కాన్పు దాకా ఆపేస్తాం, అంతే. తెలియక గర్భంలో ఉండగా ఒక డోసు పడినా దానివల్ల బిడ్డకి హాని జరిగిన దాఖలాలు లేవు, గర్భం తీయించుకోవాల్సిన పనే లేదు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే ఎవరో భయపెడితే మాత్ర కోసం పరుగెత్తుకొచ్చిన పిల్లని చూశాను. పాలిచ్చే తల్లులు నిరభ్యంతరంగా వేయించుకోవచ్చు. టీకా కోసం పెళ్ళి గానీ, పిల్లల్ని గానీ వాయిదా వేయకండి.

వేయించుకునేచోట సిగ్గుపడకుండా డబ్బా చూపించమనండి. పేరు, గడువు తేదీ చూడండి. ఇది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు, గడ్డకడితే పనికిరాదు. మెడికల్ షాపులో కొని, మండుటెండలో బండి డిక్కీలో పెట్టుకుని తెచ్చేవాళ్ళని చూశాను. అలా తెచ్చినదాన్ని నేను వేయను. నిల్వ ఉన్నచోటే వేయించుకోండి. కార్డు మీద బ్యాచ్ నంబరు రాయించి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ కార్డు ఆరు నెలల్లో ఎలాగూ పోతుంది.

మీరు అడగలేదు కానీ, కాబోయే ఆయన సంగతి. మగవాళ్ళకీ ఈ వైరస్ గొంతు, మలద్వారం, పురుషాంగ క్యాన్సర్లు తెస్తుంది, పులిపిర్లు సరేసరి. 26లోపు ఉంటే ఆయనా వేయించుకోవడం మంచిది. 27 దాటితే లాభం తగ్గుతూ వస్తుంది. అమెరికాలో 27 నుంచి 45 వయసువాళ్ళని డాక్టరుతో మాట్లాడి ఎవరికి వారు నిర్ణయించుకోమంటారు. మగవాళ్ళకి హెచ్‌పీవీ ఉందో లేదో మామూలుగా చెప్పే ఆమోదిత పరీక్ష లేదు. కాబట్టి "ముందు ఆయన టెస్టు చేయించుకోవాలి" అన్న పేచీ పెట్టకండి. అలాగే రేపెప్పుడైనా మీ రిపోర్టులో పాజిటివ్ వస్తే దాన్ని ఎవరి శీలానికీ సర్టిఫికెట్‌గా చదవకండి, చదవనివ్వకండి. ఈ వైరస్ ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా ఉండి తర్వాత కనబడగలదు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ ల్యాబూ చెప్పలేదు. ఒకాయన భార్య రిపోర్టు పట్టుకుని నా టేబుల్ మీద గుద్దిన రోజు నాకింకా గుర్తుంది.

అందరికీ వేయించుకోమనే చెప్తానా అంటే, లేదు. నలభై దాటి, పెళ్ళయి పదిహేనేళ్ళయి, చేతిలో అయిదారు వేలే ఉన్న ఆవిడ వస్తే టీకా పక్కన పెట్టి ముందు పరీక్ష చేయించుకోమంటాను. ఆ వయసులో లోపల ఏముందో చూసుకోవడం వల్ల ఒరిగేది ఎక్కువ.

పరీక్ష అన్నాను కదా, టీకా వేయించుకున్నాక కూడా అది తప్పదు. మీరు వేయించుకోబోయేది అన్ని రకాలనీ ఆపదు. నేను 25 దాటి సంసార జీవితం మొదలైనవారికి మూడేళ్ళకోసారి పాప్, ముప్ఫై నుంచి వీలైతే అయిదేళ్ళకోసారి హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష చేస్తాను. డబ్బు లేనివారికి ప్రభుత్వాసుపత్రుల్లో 30 నుంచి 65 ఏళ్ళవారికి చేసే వినెగర్ పరీక్ష ఉంది. పచ్చళ్ళ డబ్బాల్లో వాడే ఆ వినెగర్ లాంటిదే, పలచటి ఎసిటిక్ ఆమ్లం. దూదితో ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగుతాం. మామూలుగా ఉంటే గులాబీరంగులోనే ఉంటుంది. కణాలు మారుతున్నచోట పెరుగు మరక పడ్డట్టు తెల్లగా తేలుతుంది. ఆ తెల్ల మచ్చ దగ్గరే పట్టుకుంటే క్లినిక్‌లోనే వైద్యం అయిపోతుంది, అదే రోజు ఇంటికెళ్ళి అన్నం వండుకోవచ్చు.

పట్టుకోకపోతే ఏమవుతుందో కూడా చెప్తాను. టైలరింగ్ చేసుకునే నలభై నాలుగేళ్ళ ఆవిడ ఒకరు వచ్చారు. ఏడాదిగా తెల్లబట్ట, వాసన, కలయిక తర్వాత రక్తపు చుక్కలు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వేడి చేసిందని మందులు వాడారు. స్పెక్యులమ్ (లోపల చూడడానికి వాడే పరికరం) పెట్టి చూడగానే నాకు అర్థమైంది. చేతికి తగిలితే రక్తం కారేలా గడ్డ. "అమ్మా, ఇంతకుముందు ఎప్పుడైనా లోపల పరీక్ష చేయించుకున్నారా?" అంటే "చిన్నోడి కాన్పప్పుడు" అన్నారు. చిన్నోడు అప్పటికి డిగ్రీ చదువుతున్నాడు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1.27 లక్షలమందికి కొత్తగా ఈ క్యాన్సర్ వస్తోంది, 80 వేలమంది దాకా చనిపోతున్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఈ టైలరమ్మ లాంటివాళ్ళే. ఎవరూ ఎప్పుడూ చూడనివాళ్ళు.

ఇంతకీ మీ అమ్మగారికి ఎన్నేళ్ళు? మీకు 25 అంటే ఆవిడకి యాభై అటూ ఇటూ ఉంటాయి. మీ కాన్పో, మీ తమ్ముడి కాన్పో అయ్యాక ఆవిడని ఎవరైనా పరీక్ష చేశారా, అడగండి. మీ ఇంజెక్షన్ గురించి ఇంట్లో వాదన జరిగేటప్పుడు ఆవిడనే తోడు రమ్మనండి. కూతురికి తోడంటే ఏ తల్లీ కాదనదు. తన కోసం రమ్మంటే మాత్రం "నాకేమయింది" అంటుంది. డాక్టరుతో ముందే ఫోన్‌లో ఒక మాట చెప్పి ఉంచండి. మీకు టీకా వేశాక ఎలాగూ పదిహేను నిమిషాలు కూర్చోబెడతారు. ఆవిడ పరీక్షకి అయిదు నిమిషాలు చాలు.